సర్వర్ ఆగిన రోజు ఆఫీసు మూసినట్టే

నెలలో పదిహేనో తేదీ దగ్గరపడే కొద్దీ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడల్లోని చిన్న యూనిట్ల అకౌంటెంట్లకు ఊపిరి సలపదు. గత నెల జీతాల మీద భవిష్యనిధి చందా, ఈఎస్‌ఐ చందా ఆ తేదీలోగా పోర్టల్‌లో చలానా తీసి కట్టేయాలి. ఇంకో అయిదు రోజులు గడిస్తే, నెలనెలా రిటర్ను వేసే సంస్థలకు జీఎస్టీ 3బీ గడువు వచ్చి కూర్చుంటుంది. పెద్ద ఫార్మా కంపెనీలో ఒక్కో పనికి ఒక్కో విభాగం ఉంటుంది. పాతిక ముప్ఫై మందితో నడిచే ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఇవన్నీ చూసేది ఒక్కరే. గడువు రోజు సాయంత్రం ఇలాంటివాళ్లంతా ఒకేసారి పోర్టల్ మీద పడతారు. అప్పుడు తెల్లటి తెర మీద ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క కనిపిస్తే, అదీ ‘ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అని కనిపిస్తే, ఆ మనిషి ఏం చేయాలి? ఖాతాలోంచి డబ్బు తెగిందా, చలానా పుట్టిందా, మళ్లీ నొక్కితే రెండోసారి కట్టినట్టవుతుందా, రాత్రి పన్నెండు దాటితే జరిమానా పడుతుందా? ఈ నాలుగింటిలో ఒక్క ప్రశ్నకూ ఆ ముక్కలో జవాబు లేదు.

ఎర్రర్ పేజీని సాంకేతిక సిబ్బంది తమలో తాము రాసుకునే గుర్తుగా వదిలేయడం మన దగ్గర అలవాటైపోయింది. నా దృష్టిలో అది ఆ సంస్థ పౌరుడికి రాతపూర్వకంగా ఇచ్చే సమాధానం. పని మీద వచ్చిన మనిషికి పని జరగలేదని చెప్పే కాగితం. ఆఫీసు కౌంటర్ దగ్గర అలాంటి కాగితం ఇస్తే దాని మీద తేదీ, సంతకం, ముద్ర ఉండాలని మనం పట్టుబడతాం. తెర మీద ఇచ్చినప్పుడు ఎందుకు వదిలేస్తున్నాం? చట్టం గడువు పెట్టిన ప్రతి పనికీ, ఆ పని చేసే పోర్టల్ తన ఎర్రర్ పేజీ మీద తేదీ, సమయం, ఒక రిఫరెన్స్ నంబరు ముద్రించి ఇవ్వాలి. గడువు దాటిందన్న వివాదం వచ్చినప్పుడు ఆ నంబరును రుజువుగా అంగీకరించాలి. అందమైన బొమ్మలు, ఓదార్పు మాటలు అన్నీ దీని తర్వాతే.

ఇది కొత్తగా పుట్టించిన కోరికేమీ కాదు. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ ప్రమాణం 1996లో తొలిసారి పత్రంగా వచ్చినప్పుడే, లోపం ఎదురైతే ఏం జరిగిందో, అది తాత్కాలికమో శాశ్వతమో సర్వర్ వివరించాలని అందులో రాశారు. 2022 జూన్‌లో వెలువడిన ఇప్పటి ప్రమాణంలోనూ ఆ మాట అలాగే ఉంది. సర్వర్ అందుబాటులో లేదని చెప్పే 503 సంకేతంతో పాటు ఎంతసేపటికి మళ్లీ ప్రయత్నించాలో తెలిపే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. అంతేకాదు, ఆ అంకెల వరసే తప్పు ఎటువైపుదో చెబుతుంది. నాలుగుతో మొదలైతే అడిగినవైపు, అయిదుతో మొదలైతే సర్వర్‌ వైపు. అంటే తప్పు ఎవరిదన్న సమాచారం యంత్రం దగ్గర ముందే ఉంది. మనిషికి చేరేసరికి అది మాయమవుతోంది. పేజీ దొరకలేదని చెప్పే 404 మాత్రం ఈ లెక్కలో కొంత అన్యాయం చేస్తుంది. అది నాలుగో వరసలో ఉంది కాబట్టి అడిగినవాడే చిరునామా తప్పు కొట్టినట్టు అనిపిస్తుంది. చాలాసార్లు పేజీని ఎత్తేసింది, చిరునామా మార్చింది సంస్థే.

రుజువు భారం ఎవరి మీద పడుతుందో జీఎస్టీ అనుభవం స్పష్టంగా చూపించింది. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక, పాత పన్నుల కింద మిగిలిన క్రెడిట్‌ను కొత్త విధానంలోకి తెచ్చుకోవడానికి ట్రాన్-1 అనే ఫారం వేయాల్సి వచ్చింది. పొడిగింపుల తర్వాత దానికి చివరి గడువు అదే ఏడాది డిసెంబర్ 27. పోర్టల్ సాంకేతిక ఇబ్బందుల వల్ల దేశమంతటా చాలామంది వేయలేకపోయారు. 2018 ఏప్రిల్ 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చి ఫిర్యాదుల పరిష్కారానికి యంత్రాంగం ఏర్పాటు చేసింది. అది మంచి పనే. కానీ తాను నిజాయితీగా ప్రయత్నించానని చూపే ఆధారాలు పన్ను కట్టేవాడే జతచేయాలన్నారు. సర్వర్ లాగ్‌లో లోపం జాడ కనిపించలేదంటూ చాలా దరఖాస్తులు వెనక్కి వచ్చాయి. వ్యవహారం పలు హైకోర్టులకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 జులై 22న సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట ఆ ఏడాది అక్టోబర్, నవంబర్ నెలల్లో పోర్టల్‌ను అందరికీ మళ్లీ తెరిచారు. అసలు గడువు దాటిన దాదాపు అయిదేళ్లకు! లాగ్ ఉన్నది పోర్టల్ చేతిలో, రుజువు తెమ్మన్నది పౌరుణ్ని. ఆ రోజు తెర మీద ఒక నంబరు ఇచ్చి ఉంటే, ఇన్ని వేల పేజీల వ్యాజ్యాల్లో ఎన్ని కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చేవి?

మన చట్టంలో దీనికి దారి చూపే సూత్రం నూట పాతికేళ్లకు పైగా ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం పదో సెక్షన్ ప్రకారం, ఒక కోర్టులోనో ఆఫీసులోనో ఫలానా రోజులోగా చేయాల్సిన పని ఉండి ఆ చివరి రోజు ఆఫీసు మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజున చేసినా సకాలంలో చేసినట్టే. ఇప్పుడు ఆఫీసు అంటే పోర్టలే. పటాన్‌చెరులో పీఎఫ్ కార్యాలయం ఉన్నా, చలానా అక్కడి కౌంటర్‌లో పుట్టదు. కాబట్టి సర్వర్ ఆగిన గంటలు ఆఫీసు మూసిన గంటలే. ఆదాయపు పన్ను విషయంలో ప్రభుత్వం ఈ స్ఫూర్తిని అప్పుడప్పుడూ పాటిస్తూనే ఉంది. 2025 సెప్టెంబర్ 15న ముగియాల్సిన రిటర్నుల గడువును పోర్టల్ మీద ఫిర్యాదులు వెల్లువెత్తాక ఒక్క రోజు పొడిగించారు. కానీ అలాంటి పొడిగింపు దేశం మొత్తం గగ్గోలు పెడితేనే వస్తుంది. బొల్లారంలో ఒక యూనిట్ యజమానికి ఒక సాయంత్రం రెండు గంటలు పోర్టల్ తెరుచుకోకపోతే ఆ గగ్గోలు ఎవరికీ వినపడదు. అతనికి పొడిగింపు ఇవ్వగలిగేది ఆ పేజీ మీది నంబరు ఒక్కటే.

‘చివరి రోజు దాకా ఎందుకు ఆగారు’ అని అధికారులు అడుగుతారు. చట్టం చివరి రోజు రాత్రి దాకా సమయం ఇచ్చింది, ఆ హక్కును వాడుకోవడం తప్పు కాదు. పైగా ఈ పారిశ్రామికవాడల్లో చిన్న యూనిట్లు చాలావరకు పెద్ద కంపెనీలకు విడిభాగాలు, ప్యాకింగ్, జాబ్‌వర్క్ చేసి బతికేవి. సూక్ష్మ, చిన్నతరహా సంస్థల బకాయిలు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. ఆ చెల్లింపులు ఎలా ఆలస్యమవుతాయో ఈ రంగంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. చేతికి డబ్బు వచ్చిన రోజే చందా కట్టగలిగిన వాళ్లకు ముందే కట్టమనే సలహా పనికిరాదు.

అయితే పేజీ ఎలా ఉండాలి? ఇలా ఉంటే చాలు: ‘మా సర్వర్‌లో లోపం వచ్చింది. మీ తప్పేమీ లేదు. మీరు నింపిన వివరాలు భద్రపరిచాం, చెల్లింపు మాత్రం జరగలేదు. సాయంత్రం 7 గంటల తర్వాత మళ్లీ ప్రయత్నించండి. మీరు ప్రయత్నించిన సమయం, రిఫరెన్స్ నంబరు కింద ఉన్నాయి. వీటిని దాచుకోండి. అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి.’ ఆరేడు చిన్న వాక్యాలు. ఒక్కో వాక్యం ఒక్కో భయాన్ని తీరుస్తుంది. డబ్బు పోయిందో లేదో చెప్పడం అన్నిటికంటే ముఖ్యం. ఆ సంగతి పోర్టల్‌కే తెలియకపోతే, బ్యాంకు నుంచి సమాధానం రాలేదని, ఫలానా సమయం దాకా మళ్లీ కట్టవద్దని చెప్పాలి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లకు ఇలాంటి నమూనాలు సిద్ధంగా ఉన్నాయి. 404 లాంటి అంకెలు వాడొద్దని, చమత్కారాలు, ‘అయ్యో’ లాంటి మాటలు వద్దని, నింపిన వివరాలు దాచామో లేదో తప్పక చెప్పమని అక్కడి రూపకర్తలకు స్పష్టమైన సూచనలున్నాయి. చమత్కారం వద్దనడంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంటర్నెట్ లేనప్పుడు క్రోమ్ బ్రౌజర్ చూపించే డైనోసార్ ఆట సరదా కోసం బాగానే ఉంటుంది. ఈఎస్‌ఐ ఆసుపత్రి కోసం కార్డు వివరాలు వెతుకుతున్న మనిషికి బొమ్మలు చూపించకూడదు.

ప్రైవేటు రంగంలోనూ నేర్చుకోదగిన నమూనా ఉంది. వెబ్‌సైటుకూ దాన్ని చూసేవాడికీ మధ్య నిలిచి సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వెనకాల ఉన్న వెబ్‌సైట్లు ఆగినప్పుడు వచ్చే పేజీలో మూడు బొమ్మలు పక్కపక్కన ఉంటాయి. మీ బ్రౌజర్, దగ్గరి నగరంలోని క్లౌడ్‌ఫ్లేర్ కేంద్రం, అసలు వెబ్‌సైటు సర్వర్. మూడింటిలో ఏది పనిచేస్తోందో, ఏది ఆగిందో గుర్తుతో చూపిస్తుంది. పేజీ మీద సమయం, ఒక గుర్తింపు సంఖ్య కూడా ఉంటాయి. 2025 నవంబర్ 18న క్లౌడ్‌ఫ్లేరే కుప్పకూలి ప్రపంచమంతటా ఎన్నో సైట్లు ఆగినప్పుడు ఆ పేజీ తన తప్పును తానే చూపించింది. లోపం ఎక్కడుందో నిజం చెప్పే పేజీ ఉంటే మనిషి తన ఫోన్‌నో, తన సిమ్‌నో, తన చదువునో అనుమానించుకోడు.

చదువు మాట ఎందుకంటే, ఈ పారిశ్రామికవాడల్లో పనిచేసేవాళ్లలో బిహార్, ఒడిశా, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవారు చాలామంది. వాళ్ల పక్కనే నారాయణఖేడ్, జహీరాబాద్, అందోలు పల్లెల నుంచి వచ్చిన తెలుగు కార్మికులు. పన్నెండు అంకెల పీఎఫ్ నంబరు పట్టుకుని నెట్ సెంటర్‌కు వెళితే ‘సర్వర్ డౌన్ ఉంది, రేపు రా’ అంటారు. నిజంగా సర్వర్ ఆగిందా, పాస్‌వర్డ్ తప్పా, ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్ రికార్డులో మరో పేరు ఉండటం వల్ల ఆగిందా? ఈ మూడూ పూర్తిగా వేరువేరు సమస్యలు. మొదటిదానికి ఆగితే చాలు, రెండోది అక్కడే సరిదిద్దుకోవచ్చు, మూడోదానికి కంపెనీ హెచ్‌ఆర్ దగ్గరికి పోవాలి. మూడింటికీ ఒకే అర్థంకాని ఇంగ్లిష్ ముక్క వస్తే నెట్ సెంటర్ వాళ్లు కూడా ఒకే మాట చెబుతారు. రేపు రావడమంటే ఒక షిఫ్టు వదులుకోవడం, ఆ రోజు కూలి పోవడం. తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియాల్లో నాలుగు వాక్యాలు రాసి ఉంచడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. లోపాలు పదుల్లో ఉంటాయి, వేలల్లో కాదు. ఒక్కసారి అనువదించి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక దొరకని పేజీల సంగతి. ఈ ప్రాంతానికి ఇది ప్రత్యేకమైన బాధ. పన్నెండేళ్లలోపే ఇక్కడి సంస్థల పేర్లు మళ్లీ మళ్లీ మారాయి. 2014లో రాష్ట్రం ఏర్పడగానే 1973 నాటి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ఇక్కడ టీఎస్‌ఐఐసీ అయింది, కరెంటు పంపిణీ సంస్థ, కాలుష్య నియంత్రణ మండలి కూడా పేర్లు మార్చుకున్నాయి. 2016 అక్టోబర్ 11న మెదక్ నుంచి విడిపోయి సంగారెడ్డి జిల్లా వచ్చింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. టీజీఐఐసీ, టీజీఎస్‌పీడీసీఎల్, పరిశ్రమల అనుమతులిచ్చే టీజీ-ఐపాస్, అన్నీ కొత్త అక్షరాలు తొడుక్కున్నాయి. 2025 చివర్లో బొల్లారం, అమీన్‌పూర్, తెల్లాపూర్ పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. మార్పు జరిగిన ప్రతిసారీ పాత చిరునామాలు కాగితాల మీద, బోర్డుల మీద, కోర్టు దాఖలాల్లో, ఫోన్ సందేశాల్లో మిగిలిపోతాయి. ప్యూ పరిశోధనా కేంద్రం 2024లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు తెరుచుకోవడం లేదు. పాత లింకు నొక్కినవాణ్ని చడీచప్పుడు లేకుండా కొత్త సైటు మొదటి పేజీకి విసిరేయడం చాలామంది చేసే పని. అది 404 కంటే ఘోరం. ఏ కాగితం కోసం వచ్చాడో అది ఉందో లేదో కూడా అతనికి తెలియదు. సంస్థ పేరు మారిందని, అతను అడిగిన పత్రం ఇప్పుడు ఇక్కడ ఉందని, లేకపోతే ఫలానా విభాగాన్ని అడగమని చెప్పే పేజీ కావాలి. పాత డొమైన్ పేరును సంస్థ వదులుకోకుండా దగ్గరే ఉంచుకోవాలి. గడువు తీరిన డొమైన్‌ను ఎవరైనా కొనవచ్చు. కరెంటు బిల్లు పేరుతో జరిగే మోసాలకు అంతకంటే సులువైన తలుపు ఉండదు.

పటాన్‌చెరు మనుషులకు ఇందులో ఇంకా లోతైన ప్రయోజనం ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తయారుచేసిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. నక్కవాగు నీళ్ల కాలుష్యం మీద ఈ ఊళ్లు దశాబ్దాల పాటు కోర్టుల్లో పోరాడాయి. పర్యావరణ అనుమతులు పొందిన పరిశ్రమలు ఆ షరతుల అమలు నివేదికలను, పరీక్షల ఫలితాలను ఆరు నెలలకోసారి తమ వెబ్‌సైటులో పెట్టాలని అనుమతి పత్రాల్లోనే రాస్తారు. ఆ నివేదిక ఉన్న లింకు చచ్చిపోతే, ఆ పరిశ్రమ ఊరికిచ్చిన మాట కనబడకుండా పోయినట్టే. అలాంటి పేజీ దొరకని చోట ‘ఈ నివేదికను ఫలానా తేదీన తొలగించాం, ప్రతి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఉంది’ అన్న వాక్యం ఉండాలి. శాశ్వతంగా తీసేసినదాన్ని చెప్పడానికి హెచ్‌టీటీపీలో 410 అనే ప్రత్యేక సంకేతమే ఉంది. దాన్ని వాడటమంటే తీసేసిన బాధ్యత ఒప్పుకోవడం.

భద్రత కోసమే వివరాలు చెప్పడం లేదని సాంకేతిక విభాగాలు అంటాయి. ఆ వాదనలో సగం న్యాయం ఉంది. డేటాబేస్ పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, కోడ్ వరసలు బయటపెడితే దాడి చేసేవాడికి దారి చూపినట్టే. కానీ నేను అడుగుతున్నది అవి కాదు. సాంకేతిక వివరమంతా లాగ్‌లో దాచి, దానికి తాళంచెవిలా ఒక నంబరు మాత్రం బయట ఇమ్మంటున్నాను. నంబరు చూసి హ్యాకర్‌కు ఏమీ తెలియదు, లాగ్ తెరవగల అధికారికి అంతా తెలుస్తుంది. దీన్ని సాకుగా వాడుకుని గడువులు ఎగ్గొడతారన్న రెండో అనుమానానికీ ఇదే జవాబు. ఫోటో మార్చొచ్చు, నంబరును లాగ్‌తో సరిపోల్చితే అబద్ధం నిలవదు. సర్వర్ పూర్తిగా పడిపోయి నంబరు కూడా ఇవ్వలేని సందర్భాలుంటాయి. వాటికోసం పోర్టల్ ఏ తేదీన ఏ గంట నుంచి ఏ గంట దాకా ఆగిందో బహిరంగ పట్టికలో రాసి ఉంచాలి. ఆ గంటల్లో గడువు ముగిసిన ప్రతి ఒక్కరికీ రక్షణ దానంతటదే వర్తించాలి.

అసలు లోపమే రాకుండా చూడాలి గానీ లోపం పేజీకి ఇంత హంగామా ఎందుకని ఇంకొందరు అంటారు. కొత్త ఆదాయపు పన్ను పోర్టల్ 2021 జూన్ 7న మొదలైన రెండున్నర నెలలకు కూడా కుదుటపడక, దాన్ని కట్టిన ఇన్ఫోసిస్ సీఈఓను ఆర్థిక శాఖ పిలిపించి అడగాల్సి వచ్చింది. దేశంలోనే పేరున్న సంస్థ కట్టిన వ్యవస్థకే ఆ పరిస్థితి వచ్చినప్పుడు లోపమే రాదని ఎవరు హామీ ఇవ్వగలరు? పటాన్‌చెరు కర్మాగారాల్లో రియాక్టర్‌కు పీడనం తగ్గించే సేఫ్టీ వాల్వ్ పెట్టడం రియాక్టర్ పేలుతుందని ఒప్పుకున్నట్టు కాదు కదా.

ఖర్చు వాదన వీటన్నిటిలోకీ బలహీనమైనది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) రూపొందించిన మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. తెగిపోయిన లింకులు, దొరకని పేజీలు లేకుండా చూసే ఏర్పాటు ఉండాలని వాటిలో ఉంది. దానికి మరో అడుగు చేర్చి, గడువు ఉన్న సేవల్లో ఎర్రర్ పేజీ మీద తేదీ, సమయం, నంబరు తప్పనిసరి చేస్తే ఈపీఎఫ్ఓ, ఈఎస్ఐసీ, జీఎస్టీఎన్ అన్నీ ఒకే నియమం కిందికి వస్తాయి. ఆ నంబరును రుజువుగా స్వీకరించాలని ఆయా శాఖలు ఒక్కో సర్క్యులర్ ఇస్తే చాలు. జిల్లా స్థాయిలో అయితే ఇంకా తేలిక. సంగారెడ్డి సహా దేశంలోని జిల్లాల వెబ్‌సైట్లు ఎన్ఐసీ వారి ఎస్3వాస్ అనే ఒకే వేదిక మీద, ఒకే రకం మూసతో నడుస్తున్నాయి. ఆ మూసలోని ‘పేజీ దొరకలేదు’ తెరను ఒక్కసారి మార్చి, స్థానిక భాషల్లో నాలుగు వాక్యాలు, కలెక్టరేట్ ఫోన్ నంబరు, వెతికిన పత్రం పేరు రాసి పంపే ఒక గడి చేరిస్తే, ఆ ఒక్క మార్పు సంగారెడ్డితో పాటు ఆ వేదిక మీదున్న జిల్లాలన్నిటికీ వెళుతుంది. ఏ పత్రాన్ని ఎంతమంది వెతికి దొరక్క వెనుదిరిగారో కలెక్టరేట్‌కు అప్పుడే మొదటిసారి తెలుస్తుంది.